లేని చప్పుడు

పోయిన వారం మనం దరువు ఇంటి వెనకగదిలో ఆగాం. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కి, గోడలకు బొంతలు వేలాడదీసి, ఇల్లంతా ఊపిరి బిగబట్టిన చోట. ఆ వారం చదవడం తప్పిపోయిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. దరువు అనేది జనం పెట్టిన పేరు. పెద్ద హోటల్లో వారాంతాల్లో పాటలు వేసి అందరినీ ఆడించే డీజే అతను. ఒక పాట తోకని ఇంకో పాట తలకి అతుకు తెలియకుండా కలపడం అతని విద్య. ఆ హోటల్ వాళ్లు పైఅంతస్తులో కొత్త హాలు తెరుస్తున్నారు. దానికి రోజూ వాయించే మనిషి కావాలి. పాతకాపుని నేనుండగా ఇంకెవరు అని దరువు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంతలో మేనేజరు నుంచి కబురొచ్చింది. గంటసేపు మిక్స్ ఇంట్లోనే రికార్డు చేసి పంపాలట. మధ్యలో ఆపకూడదు, తర్వాత అతికించకూడదు, మొదట్లో మైకులో ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలి. ఆఖరి గడువు ఈ సాయంత్రం ఆరు.

ఎవరో మేనేజరు చెవిలో ఊదారు, దరువులో మునుపటి పస లేదు, ఒకసారి పరీక్ష పెట్టి చూడండి అని. ఎవరో ఏమిటి, తళుకుల చొక్కాల చమ్కీగాడే అని దరువు తేల్చేశాడు. చమ్కీ కూడా డీజేనే, ఆ కొత్త హాలు మీద కన్నేసినవాడే. హోటల్ పార్కింగులో అతని కాలరు పట్టుకుని దరువు నానా మాటలూ అన్నది కూడా మీరు పోయిన వారం చూశారు.

సరే, ఈ మధ్యాహ్నం దరువు మిక్స్ వాయించేశాడు. ఒక్క ఊపులో. ఆ గంటసేపూ ఇంట్లో ఎవరూ దగ్గలేదు. దరువు భార్య ముందుగదిలో కుట్టుమిషన్ ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు పిట్ట మెట్ల మీద కాపలా కాసి, తలుపు కొట్టబోయిన వాళ్లందరినీ కళ్లతోనే వెనక్కి పంపింది. పిట్ట పనిచేసేది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో. వైర్లంటే భయం లేదు కాబట్టి ఈ రికార్డింగ్ సరంజామా అంతా అమర్చింది తనే. అరువు తెచ్చిన లాప్‌టాప్, పాటలు కలిపే మిక్సర్లోంచి వచ్చే శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించే అరచేతంత సౌండ్ కార్డు, ఒక మైకు, రెండు స్పీకర్లు. వాయించడం అయ్యాక దరువు మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. వదిన మిషన్ మళ్లీ టకటకమంది. పిట్ట హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అన్న వాయించింది వినడానికి కూర్చుంది.

వింటూనే మొహం ముడుచుకుపోయింది.

పాట వెనకాల ఒక కీచు. సన్నగా, దోమ చెవి పక్కనే తిరుగుతున్నట్టు, ఆగకుండా. పాట గట్టిగా ఉన్నచోట అణిగిపోతోంది, నెమ్మదించిన చోట పైకి లేస్తోంది. పిట్ట ముందుకు జరిపి వింది, ఇంకా ముందుకు జరిపి వింది. మొదట్నుంచి చివరిదాకా ఉంది. అమర్చింది తను కాబట్టి తప్పు తనదే అయ్యుండాలి. ఇలాంటప్పుడు తప్పు తనదే అనుకునేవాళ్లు కొందరుంటారు. ఆ ఇంట్లో ఆ వరస మొత్తం పిట్టకే వచ్చింది, అన్నకి ఇసుమంత కూడా మిగల్లేదు.

మిక్సరులో పాట పెట్టి, లాప్‌టాప్‌లోకి వస్తున్నది స్పీకర్లలో వింటూ వైరు మార్చింది, కీచు పోలేదు. మిక్సరుని వేరే ప్లగ్గులో పెట్టింది, పోలేదు. మైకు పీకేసింది, అయినా పోలేదు. ఏడుపొక్కటే తక్కువ. చివరికి లాప్‌టాప్ చార్జరు ఊడదీసింది. కీచు తెగిపోయింది. గది ఒక్కసారిగా ఎంత ప్రశాంతంగా అయిపోయిందంటే, గోడ అవతల వదిన కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. నమ్మకం కుదరక, మిక్స్‌లో మొదటి పాటనే తీసుకుని, చార్జరు లేకుండా కాస్త ముక్క రికార్డు చేసి చూసుకుంది. కడిగిన ముత్యంలా ఉంది.

అంటే మొత్తం మళ్లీ వాయించాలి. ఆ మాట అన్నకి చెప్పాలి. కీచు పట్టుకోవడం కంటే కష్టమైన పని అది.

దరువు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి ఉషారుగా ఉన్నాడు.

"పంపేశావా?"

"లేదన్నయ్యా. మళ్లీ వాయించాలి."

"ఏంటి?"

"మళ్లీ వాయించాలి అంటున్నా. రికార్డింగ్‌లో కీచుమని చప్పుడొచ్చింది. లాప్‌టాప్ చార్జరు వల్ల. ముందే పీకాల్సింది, నాకు తట్టలేదు. ఇప్పుడు పీకేశాను, బ్యాటరీ మీద నడుస్తోంది. వెంటనే మొదలుపెడితే ఆరింటికి అందుతుంది."

"ఏ కీచు?" దరువు తువ్వాలు కుర్చీ మీద పడేశాడు. "వాయించినంతసేపూ ఈ స్పీకర్ల ముందు కూర్చున్నది నేను. కీచూ లేదు కాకరకాయా లేదు. పంపేయ్."

"ఉందన్నయ్యా. మొదట్నుంచి చివరిదాకా ఉంది."

"నేను వాయించేటప్పుడు లేనిది నువ్వు వినేటప్పుడు ఎలా వచ్చిందే? ఆ హెడ్‌ఫోన్లు పాడైపోయుంటాయి."

"స్పీకర్లలో కూడా వస్తోంది."

"పిట్టా, నేను రెండోసారి వాయించను. నా జన్మలో వాయించలేదు. ఒకసారి కుదిరింది మళ్లీ కుదరదు. ఆ చమ్కీగాడు ఒక్కో అతుకూ పదిసార్లు దిద్దుకుంటాడు, మనం అలా కాదు. పంపేయ్."

దరువు మొండితనం గురించి ఈ పత్రికలో ఇప్పటికే బోలెడు సిరా ఖర్చు పెట్టాను, మళ్లీ పెట్టను. పిట్టకి కూడా ఒళ్లు మండింది. పొద్దున్నుంచి టీ చుక్క తప్ప ఏదీ నోట్లో పడలేదు.

"ఇది విని మేనేజరు నవ్వుతాడు. పంపమన్నావని పంపితే రేపు నన్నే అంటావ్. నీ చెవులతో నువ్వే విను, విని అప్పుడు చెప్పు."

హెడ్‌ఫోన్ల వైరు పీకి పాట స్పీకర్లలోకి వచ్చేలా చేసింది. తెర మీద రెండు ఫైళ్లున్నాయి, పొద్దున తయారుచేసి పెట్టుకున్న పేరుతో అన్న మిక్సూ, ఇందాకటి ముక్కా. కోపంలో ఉన్న చెయ్యి. ఒకదాని మీద నొక్కింది.

మొదటి పాట మొదలైంది. నెమ్మదిగా, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తడుతున్నట్టుండే ఎత్తుగడ. ఆ పాట ఎత్తుగడలో ఖాళీ ఎక్కువ, అందుకే కీచు అక్కడే బాగా తెలుస్తుంది. పిట్ట కనుబొమ్మలు ముడుచుకుని ఎదురుచూసింది. కీచు రాలేదు. అప్పుడు తెర వంక చూసింది. నొక్కింది అన్న మిక్స్ కాదు, చార్జరు పీకేశాక తను చేసిన ముక్క. ఛ, తప్పు నొక్కాను అని నాలుక కరుచుకుని మౌస్ మీదికి చెయ్యి పోనిచ్చేలోపే దరువు మాట్లాడాడు.

"ఆ... ఇదా!" అన్నాడు. తల కాస్త పక్కకు వంచి పిట్ట మొహంలోకే చూస్తున్నాడు. "వినిపించింది, వినిపించింది. కీచుమంటోంది. ఓస్, ఇంతేనా? దీనికా ఇంత గోల? జనం మధ్య ఎవడికి తెలుస్తుందే ఇది?"

పిట్ట చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

పాట పోతూనే ఉంది. కీచు లేదు, బుస లేదు, ఏమీ లేదు. దరువు మాత్రం తల పంకిస్తూ, లేని చప్పుడుని వింటూ నిలబడ్డాడు.

"అన్నయ్యా," అంది పిట్ట. మౌస్ మీంచి చెయ్యి తీసింది. "అన్నయ్యా, ఇందులో కీచు లేదు."

"ఏంటి?"

"ఇది నీ మిక్స్ కాదు. చార్జరు తీసేశాక నేను చేసింది. ఇందులో ఏ చప్పుడూ లేదు."

దరువు మొహంలో నవ్వు ఇంకా ఉంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు. తర్వాత అది పోయింది.

"నాకే పరీక్ష పెడతావే?"

"లేదు. ఒట్టు. తప్పు నొక్కాను, నిజంగా తప్పే నొక్కాను."

"ఊళ్లో వాళ్లు చాలక ఇంట్లో కూడానా? ఆ మేనేజరు ఒకడు, ఆ చమ్కీగాడు ఒకడు, ఇప్పుడు నువ్వు!"

అతను అరుస్తూనే ఉన్నాడు కానీ పిట్టకి సగం చెవికెక్కలేదు. కళ్లు మిక్సరు మీద పడ్డాయి. సన్న శబ్దాలని పెంచే ట్రెబుల్ మీటలు అన్నీ కుడివైపు చివరికంటా తిరిగి ఉన్నాయి. పొద్దున అమర్చేటప్పుడు తను వాటిని నడిమధ్యన పెట్టింది, బాగా గుర్తు. ఈ మధ్య అన్న మిక్స్‌లు ఎందుకో చెవులు కోస్తున్నాయని కొట్లో స్నేహితురాలు అంటే, నీకు సంగీతం తెలియదులే అని దెప్పి పంపింది కూడా. వాయించేటప్పుడు హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకోకుండా మెడలో దండలా వేసుకోవడం, తెర మీద పాటని చూపిస్తూ పాకే గీతల మీంచి కళ్లు తిప్పకపోవడం, పిలిస్తే పలక్కపోవడం. పొగరనుకుంది ఇన్నాళ్లూ. ఊరంతా పొగరనే అనుకుంది. చెప్పొద్దూ, ఈ కథ రాస్తున్న నేనూ మొదటి వారం అలాగే రాశాను.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది ఎప్పట్నుంచి?"

"వినపడకపోవడం."

"జలుబు చేసింది. చెవులు మూసుకుపోయాయి."

"అన్నయ్యా."

దరువు కిటికీ దగ్గరికి వెళ్లి, సందులో కుక్కిన గుడ్డపీలికని ఊరికే లోపలికి నొక్కాడు. అది బాగానే ఉంది, నొక్కాల్సిన పని లేదు.

"ఎడమది దాదాపు పోయింది," అన్నాడు కిటికీతో చెబుతున్నట్టు. "కుడిది పర్లేదు. మనుషుల మాట దగ్గర్నుంచి అయితే తెలుస్తుంది. సన్న చప్పుళ్లే... అసలు ఉన్నాయన్న సంగతే తెలీదు. డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లు ఆ పెద్ద పెట్టెల ముందు నిలబడ్డావు, ఇక చాలు అన్నాడు."

"చాలు అంటే?"

"మానకపోతే ఈ ఉన్నది కూడా పోతుందట."

పిట్ట లెక్క వేసుకుంది. కొత్త హాలంటే వారాంతాలు కాదు, రోజూ. ప్రతి రోజూ ఆ పెట్టెల ముందు. అన్న ఇన్నాళ్లుగా ఎగబడుతున్నది ఆ మిగిలిన చెవిని పోగొట్టుకోవడానికా?

"వదినకి తెలుసా?"

"తెలీదు. చెప్పావంటే చంపేస్తాను."

"నేను పంపను."

"ఏంటి?"

"మిక్స్ పంపను. కీచుతో పంపను, కీచు లేకుండానూ పంపను. నాకొద్దు ఆ హాలు."

"నీకొద్దేంటే, నీదా హాలు?" దరువు రెండంగల్లో బల్ల దగ్గరికి వచ్చాడు. పిట్ట లాప్‌టాప్ మూసి గుండెలకి హత్తుకుంది. అతను దాని అంచు పట్టుకుని లాగాడు. వైరు బిగుసుకుని సౌండ్ కార్డు బల్ల మీంచి జారింది. ఇద్దరూ లాగులాట ఆపి ఒకేసారి దానికోసం చెయ్యి చాపారు. దరువు చేతికి అందింది. దాన్ని పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు. పిట్ట లాప్‌టాప్‌ని మోకాళ్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు బొమ్మకోసం కొట్టుకుని, విరగ్గానే ఇద్దరూ ఇలాగే కూర్చునేవాళ్లు.

"నాకు ఇంకేం వచ్చే?" అన్నాడు దరువు. ఈసారి అరవలేదు. "చదువు అబ్బలేదు. నాలుగు కొట్లలో చేరితే నాలుగింట్లోంచీ తరిమారు. పాటకి పాట కలపడం ఒక్కటే వచ్చు. ఆ మిక్సరు వెనకాల నిలబడితేనే నన్ను ఒక మనిషిగా చూశారు. అది కూడా తీసేస్తే నేను ఎవర్నే?"

పిట్టకి కళ్లలో నీళ్లు తిరిగాయి. జవాబు మాత్రం దొరకలేదు. దొరికితే నాకూ చెప్పేది.

"పోనీ నువ్వు వాయించు," అన్నాడతను ఉన్నట్టుండి.

"నేనా?"

"నా పక్కన నిలబడి ఇన్నేళ్లు చూశావు. నేను లేనప్పుడు వాయించుకుంటావ్, నాకు తెలుసు. మీటలు జరిగుంటాయి. మైకులో పేరు నేను చెబుతాను, మిక్స్ నువ్వు వాయించు. అందులో ఏ మోసం ఉంది? ఇంటిపేరు ఒకటే కదా."

"హాల్లో ఏం చేస్తావ్? అక్కడ కూడా నేనే వాయిస్తానా?"

"పక్కనుండు చాలు. నీ మొహం చూసి వాయిస్తాను. ఏడాదిగా జనం మొహాలు చూసే కదా వాయిస్తున్నాను. బాగుంటే కళ్లు వెలుగుతాయి, తేడా వస్తే ముడుచుకుంటాయి." ఆగి, తల దించుకున్నాడు. "ఇందాక కీచు కూడా నీ మొహం చూసే విన్నాను."

ఆ మాటతో పిట్ట ఓడిపోయింది. అది తప్పని తెలుసు, రేపు ఏమవుతుందో కూడా తెలుసు. అయినా అన్న అలా నేల మీద కూర్చుని ఉండటం చూడలేకపోయింది. ముందు ఈ పూట గడవనీ, మిగతాది తర్వాత అనుకుంది. మనుషులు మునిగేది ఎప్పుడూ ఈ మాట అనుకున్నాకే.

లేచి సౌండ్ కార్డు తగిలించింది. మైకు పెట్టింది. ట్రెబుల్ మీటలన్నీ ఒక్కొక్కటే మధ్యకి తిప్పింది. దరువు ఆ తిప్పడం చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పాట పెట్టి చూసుకుంది. పచ్చ దీపాలు పైకి పాకి పసుపు దగ్గర ఆగుతున్నాయి, ఎరుపుకి చేరడం లేదు. అంతే ఉండాలి, ఎరుపు వెలిగితే పాట పగులుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గోడ గడియారం వంక చూసింది. ఇప్పుడు మొదలుపెడితే అందుతుంది, ఇంకొంచెం ఆలస్యమైతే అందదు.

దరువు మైకు ముందుకు వంగి గొంతు సవరించుకున్నాడు. అంతలో గుర్తొచ్చి చెయ్యెత్తాడు.

"ఆగాగు. వెళ్లి మీ వదినతో చెప్పు, మిషన్ ఆపమని. మైకులో పడుతుంది."

పిట్ట తల ఊపి లేవబోయింది. అప్పుడు హెడ్‌ఫోన్లలో వింది. మైకు గదిలో ప్రతి చప్పుడునీ పట్టి ఇస్తోంది. అన్న ఊపిరి, తన గాజులు, బొంత గోడకి రాసుకోవడం. మిషన్ చప్పుడు లేదు. హెడ్‌ఫోన్లు తీసి మళ్లీ వింది. లేదు.

ఎప్పుడు ఆగింది? లాప్‌టాప్ లాక్కున్నప్పుడు ఉందా? అన్న అరిచినప్పుడు ఉందా?

"చెప్పవే," అన్నాడు దరువు. "ఆ టకటక ఒక్కటే మిగిలింది."

పిట్ట కదల్లేదు. తలుపు వంక చూస్తోంది. దరువు తన కొత్త అలవాటు ప్రకారం ఆమె మొహం చూసి, ఆ చూపు పట్టుకుని తలుపు వైపు తిరిగాడు.

తలుపు తెరుచుకుని ఉంది. వదిన గడపలో నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు, జాకెట్టుకి గుచ్చిన సూది, చేతిలో సగం కుట్టిన చొక్కా. ఎంతసేపట్నుంచి ఉందో మొహం చూస్తే తెలుస్తోంది.

"నువ్వెప్పుడొచ్చావ్?" అన్నాడు దరువు. "మిషన్ ఆపు కాసేపు, రికార్డింగ్."

ఆమె లోపలికి వచ్చింది. గదిలో దారి ఎడమవైపు ఉంది. కుడివైపు వైర్లు, స్పీకరు, మడతమంచం. ఆమె వైర్లు దాటుకుని, మడతమంచం పక్కకి జరిపి, కష్టపడి అతని కుడివైపుకే వెళ్లింది. పిట్టకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. భోజనాల దగ్గర వదిన కూర్చునేది కుడివైపు. రోడ్డు మీద నడిచేది కుడివైపు. ఆ మధ్య మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి మార్పించి, గాలి బాగా వస్తుందని చెప్పింది కూడా వదినే.

వదిన అతని కుడిచెవి పక్కకి వంగింది.

"మీరు చమ్కీ కాలరు పట్టుకుని ఉండకూడదండీ," అంది. "అతనికేం తెలుసు పాపం? మేనేజరుకి ఫోన్ చేసి, మీకు పరీక్ష పెట్టమన్నది నేను. పరీక్షలో తప్పారని చెప్పి, ఆ హాలు మాత్రం మీకు ఇవ్వొద్దని బతిమాలింది కూడా నేనే."

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఒక్క అక్షరం జారిపోకుండా దరువుకి అంతా వినిపించింది.